ఎంటరోకాకస్ వచ్చిన రిపోర్టే గీటురాయి: యూరిన్ కల్చర్ సేవపై సమీక్ష

ఒకే మూత్రం శాంపిల్‌కు రెండు ల్యాబుల నుంచి రెండు రిపోర్టులు వచ్చాయనుకోండి. రెండింట్లోనూ పెరిగింది ఎంటరోకాకస్ అనే బాక్టీరియానే. మొదటి రిపోర్టు రెండు పేజీలు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, అమికాసిన్, కోట్రైమోక్సజోల్, క్లిండమైసిన్ అంటూ 24 మందుల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా ఎస్ (మందు పనిచేస్తుంది) అనో ఆర్ (పనిచేయదు) అనో ఓ అక్షరం. రెండోది అర పేజీ కూడా లేదు, అందులో ఉన్నవి 7 మందులే. డబ్బు కట్టినవాళ్లకు మొదటిదే నిండుగా కనిపిస్తుంది. కానీ సరిగ్గా పని చేసింది రెండో ల్యాబు. మొదటిదాంట్లో సెఫిక్సిమ్ ఎదురుగా ఎస్ అని పడి ఉంటే, ఆ కాగితాన్ని నమ్మి మందు వాడిన మనిషికి మంట తగ్గదు, జ్వరం తగ్గదు, వారం రోజులు వృథా అవుతాయి.

కలెక్షన్ సెంటర్లు, ఆసుపత్రి ల్యాబులు, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే సంస్థలు యూరిన్ కల్చర్ అండ్ సెన్సిటివిటీ (మూత్రంలో ఏ బాక్టీరియా పెరుగుతుందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) పేరుతో అమ్మే సేవను ఇక్కడ ఎంటరోకాకస్ వైపు నుంచి చూస్తున్నాం. ఎందుకంటే మూత్రంలో ఎక్కువగా దొరికే ఈకోలి బాక్టీరియా పెరిగినప్పుడు మామూలు మందుల ప్యానెల్‌తో పని గడిచిపోతుంది. ఎంటరోకాకస్ దగ్గరికి వచ్చేసరికి శాంపిల్ పట్టిన తీరు, వేసిన ప్లేటు (బాక్టీరియాను పెంచే అగార్ పళ్లెం), పెట్టిన డిస్కులు (మందు ఇంకించిన కాగితపు బిళ్లలు), రిపోర్టులో రాసిన మాట అన్నీ పరీక్షకు నిలబడాలి. ఎక్కడ ఒక అడుగు తప్పినా అది ఆఖరి కాగితంలో కనిపిస్తుంది.

ఈ బాక్టీరియా బయటినుంచి ఊడిపడేది కాదు. ఆరోగ్యంగా ఉన్న మన పేగుల్లోనే కాపురం ఉంటుంది, అక్కడ ఉన్నంతకాలం ఎవరికీ చెరుపు చేయదు. 1984 దాకా దీన్ని స్ట్రెప్టోకాకస్‌లో ఒక గుంపుగానే లెక్కేశారు, ఆ ఏడాది వేరే ప్రజాతిగా (జీనస్) విడదీశారు. మొండిది. 6.5 శాతం ఉప్పులో పెరుగుతుంది, పిత్త లవణాలను తట్టుకుంటుంది, 60 డిగ్రీల వేడిలో అరగంట ఉంచినా చావదు. ఆసుపత్రి మంచం రెయిలింగ్ మీద, బెడ్‌పాన్ మీద రోజుల తరబడి బతికి ఉండేది ఈ మొండితనం వల్లే. మూత్రనాళంలో గొట్టం వేసినవాళ్లలో, కిడ్నీలో రాళ్లున్నవాళ్లలో, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్లలో, యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడినవాళ్లలో పేగు దాటి మూత్రంలోకి వస్తుంది. కొందరిలో రక్తంలోకి, అక్కడినుంచి గుండె కవాటాల మీదికి చేరుతుంది. రూట్ కెనాల్ చేసినా తగ్గని పంట్లో కూడా తరచూ కనిపించేది ఇదే.

సేవలో మొదటి మెట్టు డబ్బా. కౌంటర్ దగ్గర ఇచ్చే డబ్బా సీలుతో ఉండాలి. మూత తీసి కౌంటర్ మీద పెట్టి పేరు రాసి ఇస్తే ఆ డబ్బా తీసుకోవద్దు, కొత్తది అడగండి. ఇంటి నుంచి మందు సీసా కడిగి తెచ్చింది అసలు పనికిరాదు. ఎలా పట్టాలో నోటితో చెప్పే ల్యాబు మంచి ల్యాబు. ఆడవాళ్లయితే ముందు నుంచి వెనక్కి నీళ్లతో కడుక్కుని, యోని పెదవులు విడదీసి పట్టుకుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను డబ్బా అంచు ఒంటికి తగలకుండా పట్టాలి. మగవాళ్లయితే ముందు తోలు వెనక్కి లాగి కడుక్కోవాలి. ఎంటరోకాకస్ విషయంలో ఇది మామూలు జాగ్రత్త కాదు. మలద్వారం చుట్టుపక్కల ఎప్పుడూ ఉండే బాక్టీరియా కాబట్టి, పట్టడంలో తేడా వస్తే మూత్రసంచిలో లేకపోయినా డబ్బాలోకి దిగుతుంది. మూత్రంలో మంటతో వచ్చిన ఆడవాళ్లలో మధ్య ధార మూత్రాన్నీ, గొట్టం ద్వారా నేరుగా మూత్రసంచిలోంచి తీసిన మూత్రాన్నీ పోల్చి చూసిన అమెరికా పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. మధ్య ధారలో ఈకోలి కనిపిస్తే సంచిలోనూ ఉంది. ఎంటరోకాకస్ మాత్రం మధ్య ధారలో కనిపించినా సంచిలో చాలా అరుదుగా దొరికింది. వయసులో ఉన్న ఆరోగ్యవంతురాలికి ఎంటరోకాకస్ రిపోర్టు వస్తే డాక్టర్ ఒకసారి ఆగి, శాంపిల్ మళ్లీ పట్టమనడం వెనక ఉన్న కారణం ఇది. విసుక్కోకండి.

గొట్టం ఉన్న రోగి దగ్గర తప్పు ఇంకా పెద్దది. గొట్టానికి తగిలించిన ప్లాస్టిక్ సంచి కింది కొళాయి తిప్పి డబ్బా నింపడం ఇంటి కలెక్షన్లలో జరిగే పొరపాటు. ఆ సంచిలో మూత్రం గంటల తరబడి నిలవ ఉంటుంది, అందులో ఏది పెరిగిందో దానికి శరీరంతో సంబంధం ఉండకపోవచ్చు. గొట్టం పక్కన ఉండే పోర్టును స్పిరిట్‌తో తుడిచి సిరంజితో లాగాలి. గొట్టం వేసి 2 వారాలు దాటితే పాతది తీసి, కొత్తది వేసి, కొత్తదానిలోంచి పట్టాలి. పాత గొట్టం లోపలి గోడకు బాక్టీరియా జిగురు పొరలా అంటుకుని ఉంటుంది, దాని శాంపిల్ ఆ పొర కథ చెబుతుంది తప్ప మూత్రసంచి కథ కాదు. తీసేసిన గొట్టం కొస కత్తిరించి కల్చర్‌కు పంపడం అనే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. దానికి డబ్బు కట్టొద్దు.

రెండో మెట్టు ప్రయాణం. ఈ సేవ ఎక్కువగా చెడేది ఇక్కడే. చిన్న ఊళ్లో ఉదయం 8 గంటలకు పట్టిన శాంపిల్ సాయంత్రం బండిలో విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్తే, ప్లేటు మీద పడేసరికి రాత్రవుతుంది. మూత్రం మామూలు గదిలో 2 గంటలకు మించి ఉండకూడదు. బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపైతే 2 గంటల్లో ఒకటి 64 అవుతుంది. మే నెల ఎండలో కలెక్షన్ సెంటర్ బల్ల మీద ఉన్న డబ్బా ఇంక్యుబేటర్‌తో సమానం. చర్మం మీంచి పడిన నాలుగు బాక్టీరియా సాయంత్రానికి లక్ష దాటి, రిపోర్టులో పెద్ద ఇన్ఫెక్షన్‌లా కనిపిస్తాయి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెడితే 24 గంటలు ఆగుతుంది. బోరిక్ యాసిడ్ ఉన్న ట్యూబులో పోస్తే గది వేడిలోనూ ఒక రోజు నిలుస్తుంది, కానీ ట్యూబు మీద గీత దాకా నింపాలి. సగమే పోస్తే మందు ఎక్కువై, ఉన్న బాక్టీరియా కూడా పెరగదు. అప్పుడు ఇన్ఫెక్షన్ ఉండి కూడా నో గ్రోత్ అని వస్తుంది. కాబట్టి కౌంటర్ దగ్గర ఒకటే అడగండి: ఇది ఎన్ని గంటలకు ల్యాబుకు చేరుతుంది, అప్పటిదాకా ఎక్కడ ఉంటుంది? ఐస్‌ప్యాక్ పెట్టె చూపించగలిగితే సరే. పక్కన రక్తం ట్యూబులతో కలిపి ట్రేలో పెట్టేస్తే వెనక్కి తీసుకుని, టైము చూసుకుని నేరుగా పెద్ద ల్యాబుకే వెళ్లడం మేలు.

యూరిన్ రొటీన్ టెస్టులో నైట్రైట్ నెగెటివ్ వచ్చిందని కల్చర్ అక్కర్లేదనే మాట కూడా వినిపిస్తుంది. ఆ టెస్టులో మూత్రంలో ముంచే పట్టీ మీద రంగు మారాలంటే బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చాలి. ఎంటరోకాకస్‌కు ఆ పని రాదు. పస్ సెల్స్ (చీము కణాలు) నిండుగా ఉండి, మంట ఉండి, నైట్రైట్ మాత్రం నెగెటివ్ అంటే ఎంటరోకాకస్‌ను అనుమానించాల్సిన సందర్భమే.

ఇక ప్లేటు. ఖర్చు మిగుల్చుకోవడానికి మెకాంకీ ప్లేటు ఒక్కటే వేసే ల్యాబు ఎంటరోకాకస్‌ను పోగొట్టుకుంటుంది. ఆ అగార్‌లో పిత్త లవణాలు, చాలా రకాల్లో క్రిస్టల్ వయొలెట్ ఉంటాయి, ఎంటరోకాకస్ ఉన్న గ్రామ్ పాజిటివ్ జాతిని అణచడానికే వాటిని కలుపుతారు. ఎంటరోకాకస్ పెరిగితే గుండుసూది తలంత ఎర్రటి చుక్కలుగా పెరుగుతుంది, లేదా అసలు పెరగదు. దానికి తోడు బ్లడ్ అగార్ ఉండాలి. లేదంటే సీఎల్ఈడీ అగార్ వాడాలి, అందులో చిన్న చిన్న పసుపు చుక్కలు వస్తాయి. ఇప్పుడు ఎక్కువ ల్యాబులు వాడుతున్న క్రోమోజెనిక్ యూటీఐ అగార్ ఈ పనికి అన్నిటికంటే నచ్చుతుంది. ఈకోలి గులాబీ ఊదా రంగులో పెద్దగా, క్లెబ్సియెల్లా జిగురుగా నీలంగా, ఎంటరోకాకస్ చిన్నగా నీలిపచ్చగా పెరుగుతాయి. రెండు రకాలు కలిసి పెరిగితే కంటితోనే తెలిసిపోతుంది. తెల్లవారి ప్లేటు మూత తీసి వెలుతురుకు ఎత్తి చూస్తే, పెద్ద గులాబీ చుక్కల మధ్య ఇసుక రేణువుల్లా నీలిపచ్చ చుక్కలు కనిపిస్తాయి. మెకాంకీ మీద అయితే అవి ఈకోలి కింద కప్పడిపోయేవి. అయితే రంగు చూసి పేరు రాసేయడం తప్పు. నీలం విషయంలో క్లెబ్సియెల్లాకూ ఎంటరోకాకస్‌కూ కొత్తవాళ్లు తికమకపడతారు. గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్ష ఒకటి వేస్తే కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది: జంటలుగా, పొట్టి గొలుసులుగా ఊదారంగు గుండ్రటి కణాలు. పేరు ఖాయం చేసే చిన్న పరీక్షల్లో కేటలేజ్ నెగెటివ్, పీవైఆర్ పాజిటివ్ రావాలి, బైల్ ఎస్కులిన్ నల్లబడాలి.

లెక్క గురించి ఒక మాట. మూత్రాన్ని ప్లేటు మీద వేసే లూపు (తీగ చుట్ట) 1 మైక్రోలీటరుది అనుకుందాం. ప్లేటు మీద 100 చుక్కలు పెరిగితే మిల్లీలీటరుకు 1,00,000. రిపోర్టులో ఈ సంఖ్య లేకుండా ఒట్టి "హెవీ గ్రోత్" అని రాస్తే ఆ రిపోర్టు సగమే. 3 లేదా అంతకంటే ఎక్కువ రకాలు పెరిగితే శాంపిల్ చెడిందని రాసి మళ్లీ పట్టమనాలి. అలా రాసే ల్యాబు డబ్బు గుంజుతోందని అనుకోకండి, నిజాయితీగా ఉంది.

పేరు దగ్గర "ఎంటరోకాకస్ స్పీసీస్" అని వదిలేస్తే అదీ సగం జవాబే. ఫీకాలిస్, ఫీషియం అనే రెండు రకాల మధ్య తేడా మందును మార్చేస్తుంది. ఫీకాలిస్‌కు ఆంపిసిలిన్ ఎక్కువసార్లు పనిచేస్తుంది. ఆసుపత్రుల్లో దొరికే ఫీషియంకు ఎక్కువసార్లు పనిచేయదు. మాల్డీటాఫ్, వైటెక్ మిషన్లు ఉన్నచోట పేరు తేలిగ్గా వస్తుంది. మిషన్ లేని చిన్న ల్యాబు కూడా అరబినోజ్ చక్కెర ట్యూబు ఒకటి పెట్టి ఈ రెండింటినీ దాదాపుగా విడదీయగలదు: ఫీషియం పులియబెడుతుంది, ఫీకాలిస్ పులియబెట్టదు. గాలినారం, కాసెలిఫ్లేవస్ అనే మరో రెండు ఉన్నాయి. ఇవి చివరి అస్త్రంగా దాచుకునే వాంకోమైసిన్‌కు పుట్టుకతోనే కొంత లొంగవు, కానీ ఆసుపత్రి మొత్తాన్ని కంగారు పెట్టే వాంకోమైసిన్ నిరోధం అది కాదు. ఇవి కదిలే రకాలు కాబట్టి మోటిలిటీ ట్యూబు పెడితే దొరికిపోతాయి. ఆ ట్యూబు పెట్టని ల్యాబు అనవసరంగా భయపెడుతుంది.

ఇప్పుడు అసలు పేజీ, సెన్సిటివిటీ. మొదట చెప్పిన 24 మందుల రిపోర్టు ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది. సెఫలోస్పోరిన్‌లు (సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ కుటుంబం) అంటుకోవాల్సిన ప్రొటీన్ ఎంటరోకాకస్‌లో వాటికి సరిగ్గా పట్టు ఇవ్వదు, కాబట్టి ఆ కుటుంబం మందులు పుట్టుకనుంచే పనిచేయవు. అమికాసిన్, జెంటామైసిన్ లాంటివి ఒంటరిగా కణంలోకి చాలినంత దూరవు. కోట్రైమోక్సజోల్ సంగతి మరీ మోసం. ప్లేటు మీద డిస్కు చుట్టూ బాక్టీరియా పెరగని చక్కటి వలయం వస్తుంది, ఎస్ అని చదవొచ్చు. కానీ శరీరంలో ఎంటరోకాకస్ తయారుగా ఉన్న విటమిన్ ఫోలేట్‌ను బయటినుంచి తీసుకుని ఆ మందును తప్పించుకుంటుంది. అందుకే ల్యాబు ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ సీఎల్ఎస్ఐ నియమావళి సెఫలోస్పోరిన్‌లు, మామూలు మోతాదు అమైనోగ్లైకోసైడ్‌లు (అమికాసిన్, జెంటామైసిన్ లాంటివి), క్లిండమైసిన్, కోట్రైమోక్సజోల్ ప్లేటు మీద పనిచేసినట్టు కనిపించినా ఎంటరోకాకస్‌కు ఎస్ అని రాయొద్దని స్పష్టంగా చెబుతుంది. డిస్కు పెట్టడం చేతకావడం వేరు, పెట్టకూడని డిస్కు పెట్టడం వేరు. రెండోది డాక్టర్‌ను దారి తప్పిస్తుంది.

మూత్రం ఎంటరోకాకస్ రిపోర్టులో ఉండాల్సినవి కొన్నే. ఆంపిసిలిన్ ఉండాలి, 10 మైక్రోగ్రాముల డిస్కు చుట్టూ 17 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ఎస్. అది ఎస్ అయితే అమాక్సిసిలిన్ కూడా పనిచేస్తుంది, విడిగా డిస్కు అక్కర్లేదు. నైట్రోఫురంటాయిన్ ఉండాలి, దానికీ 17 లేదా ఆపైన రావాలి. ఈ మందు మూత్రసంచి వరకే పనికొస్తుంది. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి ఉంటే రిపోర్టులో ఎస్ ఉన్నా కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు సరిపోదు. ఫాస్ఫోమైసిన్ ఫీకాలిస్‌కు, అదీ మూత్రం శాంపిల్‌కు మాత్రమే రాయాలి, ఫీషియంకు రాస్తే తప్పు. ఆ తర్వాత వాంకోమైసిన్, టీకోప్లానిన్, లినెజోలిడ్. ఆంపిసిలిన్ పనిచేస్తున్నప్పుడు ఈ చివరి మూడింటినీ బయటకు చూపించకుండా ఆపి ఉంచే ల్యాబులు ఉన్నాయి. రిపోర్టు చిన్నదైందని కొందరు అసంతృప్తి పడతారు కానీ, చివరి అస్త్రాలను అరలో దాచిపెట్టే ఆ పద్ధతే మంచిది. చేతికి దొరికిన రిపోర్టుతో మందుల షాపులో లినెజోలిడ్ అడిగి కొనుక్కునే పరిస్థితి ఉన్నచోట మరీ మంచిది.

వాంకోమైసిన్ డిస్కు చదవడంలోనే ల్యాబు ఓపిక తెలుస్తుంది. మిగతా డిస్కులు 16 నుంచి 18 గంటలకు చదవొచ్చు, దీనికి నిండా 24 గంటలు ఆగాలి. ప్లేటును బల్ల మీద పెట్టి పైనుంచి చూస్తే సరిపోదు. చేత్తో ఎత్తి, లైటుకు ఎదురుగా పట్టి, వెలుతురు ప్లేటులోంచి వచ్చేలా చూడాలి. వలయం అంచు లోపల పలచటి పొగమంచులా పెరుగుదల కనిపిస్తే అది నిరోధమే. 17 మిల్లీమీటర్లు, అంతకు మించితే ఎస్, 14, అంతకు తక్కువైతే ఆర్, 15 లేదా 16 వస్తే ఎంఐసీ (బాక్టీరియాను ఆపగలిగే కనీస మోతాదు కొలత) చేయకుండా సంతకం పెట్టకూడదు. ఎంఐసీలో మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాములు, అంతకంటే తక్కువైతే మందు పనిచేస్తుంది, 32 నుంచి పైన పనిచేయదు. తొందరపడి పొద్దున్నే చదివేసిన ల్యాబు నిరోధక రకాన్ని ఎస్ అని పంపేస్తుంది.

హై లెవెల్ జెంటామైసిన్ అనే వరస కూడా కొన్ని రిపోర్టుల్లో కనిపిస్తుంది. ఇది 120 మైక్రోగ్రాముల ప్రత్యేక డిస్కు, మామూలు 10 మైక్రోగ్రాములది కాదు. ఆంపిసిలిన్‌కు తోడుగా ఇస్తే కలిసి పనిచేస్తుందా అని చెప్పడానికే ఈ పరీక్ష. రక్తంలో, గుండె కవాటం మీద ఎంటరోకాకస్ ఉన్నప్పుడు పనికొస్తుంది. మూత్రం రిపోర్టులో దీన్ని ఎస్ అని రాస్తే, జెంటామైసిన్ ఒక్కటే ఇంజెక్షన్ ఇస్తే చాలనుకునే ప్రమాదం ఉంది. పక్కన ఒక వాక్యం రాయని ల్యాబు దీన్ని మూత్రం రిపోర్టులో పెట్టకపోవడమే నయం. గుండె కవాటం మాట వచ్చింది కాబట్టి: అక్కడ ఫీకాలిస్‌కు ఆంపిసిలిన్‌తో పాటు సెఫ్ట్రియాక్సోన్ కలిపి 6 వారాలు ఇచ్చే చికిత్స ఉంది. ఒంటరిగా పనికిరాని సెఫ్ట్రియాక్సోన్ జతలో బలమిస్తుంది. అది చూసి మూత్రం రిపోర్టులోనూ సెఫ్ట్రియాక్సోన్ ఎస్ అని రాయొచ్చని అనుకోవడం పొరపాటు.

ఈ అడుగులన్నీ కలిపితే టైము ఎంత పడుతుందో తెలుస్తుంది. మొదటి రోజు ప్లేటు వేస్తారు, రెండో రోజు పేరు తేల్చి డిస్కులు పెడతారు, మూడో రోజు చదువుతారు. కాబట్టి "24 గంటల్లో కల్చర్ రిపోర్టు" అనే బోర్డు చూస్తే, ఏమీ పెరగలేదనే తొలి మాట వరకే అది నిజం. ఎంటరోకాకస్ పెరిగి, అన్ని మందులతో కలిపి మరుసటి రోజే రిపోర్టు చేతికొస్తే ఎక్కడో ఒక అడుగు దాటేసినట్టే.

వాంకోమైసిన్ లొంగని ఎంటరోకాకస్‌ను యూరప్‌లో 1980ల చివర్లో మొదట గుర్తించారు. ఈ తరహా ఫీషియంను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 జాబితాలోనూ, 2024 జాబితాలోనూ ఎక్కువ ప్రాధాన్యం ఉన్న ముప్పుగా పెట్టింది. అది దొరికితే మంచి ల్యాబు మెయిల్ పంపి ఊరుకోదు, డాక్టర్‌కు ఫోన్ చేస్తుంది. రోగి ఆసుపత్రిలో ఉంటే చేతులు కడుక్కోవడం, గౌను, గ్లౌజులు, విడి గది ఆ రోజే మొదలవ్వాలి. ఫోన్ చేసే అలవాటు ఉందా లేదా అన్నది ల్యాబు ఎంచుకునేటప్పుడు డాక్టర్లు తప్పక చూడాలి.

ఏ తరహా సేవ మంచిదో చెప్పమంటే, ఒకే భవనంలో మైక్రోబయాలజీ విభాగం ఉన్న ఆసుపత్రి ల్యాబుకే మొదటి ఓటు. శాంపిల్ అరగంటలో ప్లేటు చేరుతుంది, సందేహం వస్తే డాక్టర్ నడిచి వెళ్లి మాట్లాడొచ్చు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో రద్దీ ఎక్కువ, రిపోర్టు కోసం తిరగాలి, కానీ పీజీ విద్యార్థులూ ప్రొఫెసర్లూ ఉన్నచోట ప్లేటును నలుగురు చూస్తారు. పెద్ద నగరాల్లో సొంత ప్రయోగశాల ఉన్న సంస్థలు మిషన్ల విషయంలో ముందుంటాయి, వాటి బలహీనత రవాణాయే. ఇంటి కలెక్షన్ రక్త పరీక్షలకు బాగుంటుంది, మూత్రం కల్చర్‌కు ఆఖరి ఎంపిక. మంచం మీదున్న పెద్దవాళ్ల కోసం తప్పదంటే, బోరిక్ యాసిడ్ ట్యూబు తెమ్మని బుక్ చేసేటప్పుడే చెప్పండి. ల్యాబుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తు రిపోర్టు మీద ఉంటే మంచిదే, కానీ ఆ గుర్తింపు పరీక్షల వారీగా ఇస్తారు. షుగర్, థైరాయిడ్ పరీక్షలకు ఉండి కల్చర్‌కు లేకపోవచ్చు, స్కోప్‌లో (గుర్తింపు ఉన్న పరీక్షల జాబితాలో) యూరిన్ కల్చర్ ఉందో లేదో అడగాలి. లోపలి సంగతి తెలిసినవాళ్లయితే మరో ప్రశ్న వేయొచ్చు: ఏటీసీసీ 29212 ఎప్పుడు పెట్టారు? అది నాణ్యత సరిచూసే ప్రామాణిక ఫీకాలిస్. డిస్కులు పెట్టే ముల్లర్ హింటన్ అగార్ కొత్తది వచ్చినప్పుడు దీని మీద కోట్రైమోక్సజోల్ డిస్కు పెట్టి, 20 మిల్లీమీటర్ల స్పష్టమైన వలయం రాకపోతే ఆ అగార్‌లో ఆ మందును పనిచేయనివ్వని థైమిడిన్ ఎక్కువుందని గ్రహిస్తారు. ఈ ప్రశ్నకు రిజిస్టర్ తీసి తేదీ చూపించే ల్యాబును కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

రిపోర్టు చేతికొచ్చాక మందు వేయాలా వద్దా అన్నది వేరే సంగతి. మంట, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఏమీ లేనివాళ్లకు మూత్రంలో ఎంటరోకాకస్ లక్ష కనిపించినా సాధారణంగా మందు అక్కర్లేదు. గర్భిణులకూ, మూత్రనాళంలో రక్తం కారే అవకాశమున్న ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకూ మాత్రం చికిత్స చేస్తారు. గొట్టం ఉన్నవాళ్లలో బాక్టీరియా కనిపించడం మామూలు, ఒట్టి రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మొదలుపెడితే తర్వాత వచ్చేది ఇంకా మొండి రకం.

మీ రిపోర్టులో ఎంటరోకాకస్ పేరు కింద సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, కోట్రైమోక్సజోల్‌లలో ఏ ఒక్కటైనా ఎస్ అని ఉంటే రిసెప్షన్‌తో వాదించకండి. రిపోర్టు నంబరు చెప్పి, సంతకం పెట్టిన మైక్రోబయాలజిస్టుతో మాట్లాడాలని అడగండి, సవరించిన రిపోర్టు ఇవ్వమనండి. అదే రోజు అడగండి. చదివేసిన ప్లేట్లు క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌లోకి వెళ్లిపోతే మళ్లీ చూడటానికి ఏమీ మిగలదు.